వంకాయ రంగు ట్యూబు కొనకండి: రొకోకో పద్ధతిలో బిషప్ గారి ఆయిల్ బొమ్మ

ముందు నేను చేసిన తప్పు చెప్పేస్తాను, మీకు ఓ నెల రోజులు కలిసొస్తుంది. విజయనగరానికి దగ్గర్లో ఒక కతోలిక విచారణ వాళ్ళు, అంటే ఒక చర్చి పరిధిలోని వాళ్ళు, గుడి పండగకి పాతకాలపు యూరప్ బిషప్ బొమ్మ ఒకటి ఆయిల్‌లో కావాలన్నారు. ఫాదర్ గారు ఫోన్ తీసి ఒక ఫొటో చూపించారు. మెరిసే ఊదా పట్టు, ముంజేతుల దాకా తెల్లటి లేసు, వెనక జారిన తెర, పెదాల మీద ఉందా లేదా అన్నట్టు ఓ నవ్వు. నేను ఇరవై ఏళ్ళు షాపుల బోర్డులు రాసినవాణ్ణి, ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయాక పిల్లలకి డ్రాయింగ్ చెప్పుకుంటున్నవాణ్ణి, ఇందులో ఏముందిలే అనుకుని వయొలెట్ ట్యూబులు రెండు కొని, మెడ దగ్గర్నుంచి కాన్వాసు కింది అంచు దాకా పూసేసి, మడతలు నలుపుతో, మెరుపులు తెలుపుతో తేల్చేశాను. మా ఆవిడ టీ పట్టుకొచ్చి కాసేపు చూసి "ఏటండీ, బిషప్ గారికి రెయిన్‌కోటు తొడిగారు?" అంది. ఆ కాన్వాసు ఇప్పటికీ అటక మీదే ఉంది. రెండోదానికి నెలన్నర పట్టింది. ఆ రెండోది ఎలా వేశానో చెబుతాను.

రొకోకో అంటే 18వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లో పుట్టిన పద్ధతి. అక్కడి రాజు 14వ లూయీ 1715లో పోయాక ఆ దర్బారు హంగులంటే అక్కడివాళ్ళకి మొహం మొత్తింది. చిన్న గదులు, లేత రంగులు, వంపులు తిరిగిన చెక్కడాలు వచ్చాయి. గవ్వలూ రాళ్ళూ పొదిగి చేసే ఒక అలంకారాన్ని రొకాయ్ అనేవాళ్ళు, ఆ మాట నుంచే ఈ పేరు. ఆ వంపు ఎలా ఉండాలో తెలియడానికి పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు, చింతపల్లి బీచ్‌కో కళింగపట్నానికో వెళ్ళినప్పుడు ఓ శంఖం ఏరుకొచ్చి బల్ల మీద పెట్టుకోండి, చూస్తూ చూస్తూ ఉంటే చేతికి ఆ మెలిక అలవాటవుతుంది. ఆ కాలం మనకి మరీ దూరమేం కాదు. విజయనగరం కోట కట్టింది 1713లో. 1757 జనవరిలో బొబ్బిలి మీదకి ఫిరంగులతో వచ్చిన బుస్సీ దొర ఆ కాలపు ఫ్రెంచివాడే. దానికి ముందు ఏడాదే, 1756లో, అక్కడ బూషే అనే చిత్రకారుడు రాజుగారి ప్రియురాలు పాంపదూర్ దొరసానిని గులాబీలు కుట్టిన పట్టు గౌనులో కూర్చోబెట్టి బొమ్మ వేశాడు.

బిషప్ అంటే గంభీరంగా, చీకట్లోంచి బయటికి చూస్తున్నట్టు వేయాలని మనకో అలవాటు. అది అంతకు ముందు నడిచిన బరోక్ అనే పద్ధతి వాళ్ళ పని. రొకోకో బిషప్ తేలిగ్గా ఉంటాడు. అప్పట్లో జర్మనీ వైపు కొందరు బిషప్‌లు ఆ ప్రాంతానికి రాజులు కూడా, మన లెక్కలో చెప్పాలంటే జమీందారూ పీఠాధిపతీ ఒకరే. క్లెమెన్స్ ఆగస్ట్ అని ఒకాయన కొలోన్ ఆర్చిబిషప్, దాంతోపాటు ఇంకో నాలుగు పీఠాలు ఆయన చేతిలోనే ఉండేవి, బ్రూల్ ఊళ్ళో ఓ రొకోకో మహలు కట్టించుకున్నాడు, 1761లో ఒక విందులో డాన్సు చేసి ఒంట్లో బాగోక ఆ మర్నాడే పోయాడు. అలాంటి మనుషుల్ని వేసిన చిత్రకారులు మఖమలు, లేసు, బుగ్గల ఎరుపు దగ్గర తీరుబడిగా కూర్చున్నారు. మీరూ అక్కడే కూర్చోవాలి. నా లెక్కలో ఈ బొమ్మకి పట్టే టైమంతా పదనుకుంటే ఆరు వంతులు బట్టకే పోవాలి. ముఖం కూడా చివరికి ఆ బట్ట మీద పడిన వెలుగుతోనే బతుకుతుంది.

మన వైపు ఒక చిక్కుంది, అది ముందే తేల్చుకోండి. ఉత్తరాంధ్ర గుళ్ళలో బిషప్ బొమ్మ అనగానే చాలామందికి గుర్తొచ్చేది పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్. ఆయన పేరున్న సభ గురువులు, అంటే ఆ సంఘం ఫాదర్లు, అప్పట్లో ఫ్రాన్స్ పక్కనుండి ఇప్పుడు ఫ్రాన్స్‌లోనే ఉన్న సవాయ్‌లోని ఆన్సీ నుంచి 1846లో విశాఖపట్నం వచ్చారు. ఇప్పటి శ్రీకాకుళం మేత్రాసనం, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం, కూడా 1993లో విశాఖ నుంచే విడిపోయింది. కానీ ఆయన పోయింది 1622లో, అంటే రొకోకోకి వందేళ్ళ ముందు. ఆయన్ని వేయమంటే గడ్డం, ఎత్తయిన నుదురు ఉండాలి. పౌడరు కొట్టిన విగ్గు పెట్టారో, పెద్దవాళ్ళు చూడగానే పట్టేస్తారు. రొకోకో వెలుగూ రంగులూ వాడుకోండి, తల మాత్రం ఆయనదే ఉంచండి.

చూసి నేర్చుకోవడానికి మంచి రిఫరెన్స్ ఒకటి కావాలి. అమెరికాలోని బాల్టిమోర్‌లో వాల్టర్స్ మ్యూజియంలో బతోని అనే ఇటలీ చిత్రకారుడు వేసిన కార్డినల్ ప్రాస్పెరో కొలొన్నా బొమ్మ ఉంది, సుమారు 1750 నాటిది, మ్యూజియం వాళ్ళ సైట్లో పెద్ద సైజు ఫొటో ఉచితంగా దొరుకుతుంది. ఆయన కార్డినల్, అంటే బిషప్ కంటే పై హోదా, కాబట్టి బట్టలు ఎరుపు. మీరు మడతలూ లేసూ చూడండి, రంగు చూడొద్దు. ఫోన్‌లో చూస్తూ వేయకండి, ఫోన్ తెర ఎరుపునీ ఊదానీ మండించి చూపిస్తుంది. ఫొటో స్టూడియోలో 12 × 18 సైజులో మ్యాట్ ప్రింట్ తీయించుకుంటే కంటికి సుఖం.

ఎరుపు అంటే గుర్తొచ్చింది. బట్టల సంగతి తెలియకుండా బ్రష్ పట్టుకోవద్దు, కతోలికులకి బొమ్మ ఇస్తున్నప్పుడు అందరూ మొదట చూసేది అదే. తెలుపు పోప్‌ది, ఎరుపు కార్డినల్‌ది, ఊదా బిషప్‌ది. లోపల పొడుగు అంగీ, కాసక్. దాని మీద మోకాళ్ళ పైదాకా తెల్లటి సన్నని నారబట్ట చొక్కా, రోషెట్ అంటారు, లేసంతా దీనిదే. ఆ పైన భుజాలు కప్పే పొట్టి కేప్, ముందు వరసగా చిన్న గుండీలు, దీని పేరు మొజెట్టా. మెడలోంచి ఛాతీ మీదకి సిలువ, కుడిచేతి ఉంగరం వేలికి ఉంగరం, తల మీద చిన్న గుండ్రటి టోపీ. ఫ్రాన్స్ బొమ్మల్లో మెడ కింద రెండు చిన్న పట్టీలు కనిపిస్తాయి, మన కోర్టుల్లో లాయర్లు కట్టుకునే బ్యాండుకి దగ్గరి చుట్టాలవి. ఎత్తు కిరీటం, అంటే మైటర్, పూజలో వేరే వస్త్రాలతో పెట్టుకునేది, మొజెట్టా మీద పెట్టుకోరు. అంతగా కావాలంటే పక్కన బల్ల మీద పెట్టండి. మూలలో ఆయన చిహ్నం వేయాల్సి వస్తే పైన ఆకుపచ్చ టోపీ, అటు 6 ఇటు 6 కుచ్చులు. ఆర్చిబిషప్‌కైతే పదేసి.

బట్టలు ఎదురుగా లేకుండా ఊహించి వేస్తే మళ్ళీ రెయిన్‌కోటే. నేను రెండున్నర మీటర్ల ఊదా సాటిన్ గుడ్డ కొన్నాను, లైనింగులకి వాడే చవక రకం. రోషెట్ కోసం పొందూరు ఖద్దరు పాత పంచె ఒకటి దొరికింది. సన్నటి పొందూరు నేత సాటిన్ మీద వేస్తే కింది రంగు మసకగా పైకి తెలుస్తుంది, మనకి కావాల్సింది సరిగ్గా అదే. చేతుల చివర నరసాపురం లేసు అంచు ఒక గజం కుట్టించాను. మోడల్‌గా మా వీధిలో రిటైరైన మేష్టారిని బతిమాలాను. ఆయన మొదటి రోజు పావుగంట కూర్చుని "ఎంతసేపు కూకోమంటావు బాబూ, ఊపిరైనా తీసుకోవచ్చా?" అన్నారు, అంటూ చిన్నగా నవ్వారు, ఆ నవ్వే బొమ్మలోకి వెళ్ళింది. మాట్లాడించండి. బిగుసుకుని కూర్చున్న మనిషి రొకోకోకి పనికిరాడు.

వెలుగు ఉత్తరం వైపు కిటికీ నుంచి, ఎడమ పైనుంచి పడేలా చూసుకోండి. ట్యూబ్‌లైటు ఆపేయండి. ఉదయం ఎనిమిది నుంచి పదకొండు దాకా మంచి టైము. ఎదురింటి గోడకి ఈమధ్యే పచ్చ రంగో గులాబీ రంగో వేసి ఉంటే ఆ నీడ మోడల్ బుగ్గ మీద పడుతుంది, కిటికీకి తెల్లటి పల్చటి గుడ్డ కట్టుకుంటే సరి.

కాన్వాసు 18 × 24 అంగుళాలు చాలు, నడుము దాకా బొమ్మకి సరిపోతుంది. షాపులో వచ్చే తెల్ల కాన్వాసు మీద నేరుగా మొదలెట్టకండి. అప్పటి ఫ్రెంచివాళ్ళు చాలామంది కింద ఎర్రమట్టి రంగు పూత, దాని మీద బూడిద రంగు పూత వేసుకునేవారు. మీరు అదే అక్రిలిక్‌తో చేయొచ్చు. ఇటుక రంగు ఒక పూత, ఆరాక కాస్త వెచ్చటి బూడిద రంగు పల్చగా, అక్కడక్కడా ఇటుక రంగు తొంగిచూసేలా. అక్రిలిక్ కింద, ఆయిల్ పైన. ఇది ఎప్పుడూ తిరగబడకూడదు, ఆయిల్ మీద అక్రిలిక్ నిలవదు, పెచ్చులూడుతుంది. తల కొలత ఏడంగుళాలు మించనివ్వకండి. శరీరం ఓ పక్కకి, ముఖం కొంచెం మనవైపు, చూపు మనమీద. చాక్‌పీస్‌తో గీసుకోండి, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, పెన్సిల్ గీతలు తర్వాత రంగులోంచి పైకి తేలతాయి. డ్రాయింగ్ గురించి ఇంతకంటే చెప్పను, అది రాకపోతే ఈ బొమ్మ ఇంకో ఏడాది ఆగొచ్చు.

రంగులకి కామెల్ ఆయిల్ ట్యూబులైనా చాలు. టైటానియం వైట్, ఎల్లో ఓకర్, బర్న్ట్ సియన్నా, రా అంబర్, వెర్మిలియన్ లాంటి వెలుగు ఎరుపు ఒకటి, పర్మనెంట్ అని రాసున్న అలిజరిన్ క్రిమ్సన్, అల్ట్రామెరీన్ బ్లూ, ఐవరీ బ్లాక్. ఊదా ట్యూబు లేదు, గమనించారా. ఆ కాలం వాళ్ళకీ లేదు. గట్టి ఊదా రంగులు ట్యూబుల్లోకి వచ్చింది 19వ శతాబ్దం రెండో సగంలోనే, అసలు ట్యూబే 1841లో వచ్చింది. వాళ్ళు కొచినియల్ అనే పురుగుల నుంచి తీసిన ఎరుపునీ, 1700 దాటాక కొద్ది ఏళ్ళకి బెర్లిన్‌లో తయారైన ప్రష్యన్ బ్లూనీ కలిపి, ఒకదాని మీద ఒకటి పూసి ఊదా పుట్టించేవారు. ఆ పురుగు ఎరుపు వెలుతురుకి వెలిసిపోతుంది. అందుకే పాత బొమ్మల్లో కొన్ని ఊదా అంగీలు ఇవాళ నీలంగానో బూడిదగానో కనబడతాయి. మీ రిఫరెన్స్‌లో బట్ట మరీ నీలంగా ఉంటే దాన్నే పట్టుకుని కాపీ కొట్టొద్దు.

మరి బిషప్ ఊదా ఎలాంటిది? వంకాయ రంగు కాదు, నేరేడు పండూ కాదు. చర్చి వాళ్ళ లెక్కలో దాని పేరు అమరాంత్, అంటే తోటకూర జాతి పువ్వు. మనింట్లో ఎర్ర తోటకూర ఉడికించినప్పుడు గిన్నెలో మిగిలే నీళ్ళున్నాయి చూడండి, ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ, కిటికీ వైపు గ్లాసులో పోసి పట్టుకుంటే లోపల్నుంచి వెలుగుతుంది. అంతే. నేను నిజంగానే ఒక గ్లాసు పక్కన పెట్టుకుని వేశాను, మూడోరోజుకి వాసన పట్టింది, అది వేరే సంగతి.

పని ఇలా నడుస్తుంది. బట్టంతా మొదట బూడిద రంగులోనే వేయండి. తెలుపు, నలుపు, చిటికెడు అంబర్. ఊదా ఊసే ఎత్తొద్దు. ఈ బూడిద బొమ్మ మామూలుగా కనిపించాల్సిన దానికంటే ఒక మెట్టు తెల్లగా ఉండాలి, ఎందుకంటే మీద వేసే ప్రతి పూతా దాన్ని చీకటి చేస్తుంది. సాటిన్ మడత ఎలా విరుగుతుందో దగ్గర కూర్చుని చూడండి. నూలుబట్ట మడత మెల్లగా వెలుగులోంచి నీడలోకి దిగుతుంది, సాటిన్ అలా కాదు, కాగితం నలిపినట్టు విరుగుతుంది. వెలుగు, వెంటనే నీడ, ఆ నీడ మధ్యలో పక్క మడత నుంచి తిరిగొచ్చిన ఇంకో మసక వెలుగు. ఈ మూడోదాన్ని వదిలేస్తే పట్టు కాస్తా రేకు అవుతుంది. మోచేయి దగ్గర నాలుగైదు మడతలు సరిగ్గా పట్టుకుంటే చాలు, మిగతావి వదులుగా వేసినా చూసేవాళ్ళ కన్ను నమ్మేస్తుంది.

ఇది వారం నుంచి పది రోజులు ఆరాలి. గోరుతో నొక్కితే గాటు పడకూడదు. అప్పుడు అలిజరిన్‌లో కొద్దిగా అల్ట్రామెరీన్, నాలుగుకి ఒకటి అనుకోండి, లిన్సీడ్ ఆయిల్‌తో, అంటే అవిసె నూనెతో, పల్చగా కలిపి, మెత్తటి వెడల్పు బ్రష్‌తో ఆ బూడిద మీద పూయండి. పూసిన రెండు నిమిషాలకి పాత బనీను గుడ్డతో వెలుగు ఉన్న చోట్ల ఒత్తి తీసేయండి. మొదటిసారి చూస్తే ఉసూరుమనిపిస్తుంది, ఎవరో రూహ్‌అఫ్జా ఒలకబోసినట్టుంటుంది. టెన్షన్ పడకండి. ఆరనిచ్చి రెండో పూత, ఈసారి నీడల్లో నీలం కాస్త ఎక్కువ. మళ్ళీ ఆరనిచ్చి మూడోది, వెలుగు పక్కన అచ్చంగా అలిజరిన్. మూడో పూత అయ్యాక బట్ట లోపల్నుంచి వెలగడం మొదలవుతుంది, ఎందుకంటే వెలుగు ఆ ఎరుపూ నీలాల్లోంచి దూరి, కింది తెల్లటి బూడిదని తాకి తిరిగొస్తోంది. వయొలెట్ ట్యూబు ముద్దగా పూస్తే వెలుగు పైనుంచే వెనక్కి పోతుంది. నా మొదటి బొమ్మలో జరిగింది అదే.

చివరగా మెరుపులు. అచ్చమైన తెలుపు వాడొద్దు. తెలుపులో ఇసుమంత అలిజరిన్, ఇసుమంత నీలం కలిపి లేత ఊదా తయారు చేసి, గట్టి ముద్దగా, ఒక్క దెబ్బలో పెట్టి బ్రష్ తీసేయాలి. పెట్టాక సర్దకూడదు. మొత్తం మొజెట్టా మీద అలాంటి దెబ్బలు పన్నెండు పదిహేను మించితే పెళ్ళి మండపం చమ్కీ అయిపోతుంది.

లేసుకి వద్దాం. ఇక్కడే అందరూ కళ్ళు పాడుచేసుకుంటారు. లేసులో పువ్వులన్నీ లెక్కపెట్టి వేయొద్దు, మనకి లేసు ఎప్పుడూ అలా కనబడదు కూడా. ముందు చేతి మీద ఊదా అంగీని లేసు లేనట్టే పూర్తిగా వేసి ఆరనివ్వండి. రెండోసారి తెలుపులో కొంచెం నలుపు, కొంచెం ఓకర్ కలిపి, బ్రష్‌ని దాదాపు పొడిగా తుడిచి, ఆ ఊదా మీద మంచు పట్టినట్టు రుద్దండి, కింది రంగు కనబడుతూనే ఉండాలి. చేయి గుండ్రం తిరిగి పక్కకి వెళ్ళే చోట బట్ట మడత మీద మడత పడుతుంది కాబట్టి అక్కడ తెలుపు చిక్కగా, మధ్యలో చేతిని ఆనుకున్న చోట పల్చగా. ఇది కూడా ఆరాక, 1 నంబరు గుండ్రటి బ్రష్‌తో చిక్కటి తెలుపు తీసుకుని, వెలుగు పడే వైపు మాత్రమే, పువ్వుల అంచులూ ముడులూ చుక్కలు చుక్కలుగా పెట్టండి. నీడ వైపు చుక్కలు ఆపేసి, కింది ఊదాతోనే చిన్న చిన్న కన్నాలు పొడిచినట్టు వదిలేయండి. ఆరడుగుల దూరం వెళ్ళి చూడండి. నేను నరసాపురం లేసు ముక్కని అంగీ మీద పిన్నుతో గుచ్చి, కళ్ళు సగం మూసి చూస్తూ వేశాను. ముప్పై పువ్వుల అంచులో నేను నిజంగా వేసింది నాలుగు, మిగతా ఇరవయ్యారూ చూసేవాళ్ళే వేసుకుంటున్నారు. మా ఇంట్లో దీన్ని ముట్టుకుని చూసినవాళ్ళున్నారు, నేను అబద్ధం చెప్పను, ఆ రోజు చాలా సంతోషం వేసింది.

ముఖం. పాత బొమ్మలో ఉన్న యూరప్ మనిషినే వేస్తుంటే వాళ్ళ పద్ధతి సూటిగా ఉంటుంది. తెలుపు, ఓకర్, వెర్మిలియన్ కలిపి వెలుగు. వెలుగుకీ నీడకీ మధ్య కొంచెం నీలం బూడిద. బుగ్గలకి, ముక్కు కొసకి, చెవి తమ్మెకి ఎరుపు. అప్పట్లో మగవాళ్ళ బుగ్గలు కూడా గులాబీగానే వేసేవారు, మొహమాటపడకండి. టైటానియం వైట్ చల్లగా ఉంటుంది, అందులో ముందే ఓ చుక్క ఓకర్ కలిపి పెట్టుకోండి.

నాకు మాత్రం మోడల్ మన మేష్టారు, ఛాయ మనదే. ఆయన్ని గులాబీ దొరలాగా మార్చడం నాకిష్టం లేకపోయింది, విచారణ వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. మన ఛాయకి ఆ రొకోకో లెక్క పెడితే ముఖం సున్నం కొట్టినట్టవుతుంది, కారణం తెలుపు. మధ్య రంగులో తెలుపు దాదాపు వద్దు, ఓకర్, బర్న్ట్ సియన్నా, పిసరంత అలిజరిన్‌తోనే చర్మం నిలబడుతుంది. వెలుగు నీడల మధ్య నీలం బూడిదకి బదులు నలుపూ ఓకర్ కలిపితే వచ్చే ఆలివ్ ఆకుపచ్చ. నీడలో అంబర్, అల్ట్రామెరీన్. నుదుటి మీదా, ముక్కు వెన్ను మీదా మెరుపు మాత్రం తెల్లవాళ్ళ చర్మం కంటే మన చర్మం మీదే గట్టిగా, చల్లగా పడుతుంది, కాస్త నీలం కలిపిన తెలుపు అక్కడ సరిగ్గా కూర్చుంటుంది. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య గారి బొమ్మల్లో ఒంటి రంగులు గుర్తు తెచ్చుకోండి, నీడలో కూడా రంగు చావదు. ఇక గడ్డం కింద, దవడ అంచున, కింది నుంచి ఆ ఊదా పట్టు వెలుగు ఎగదన్నుతుంది. అక్కడ నీడలో చిటికెడు అలిజరిన్ కలపండి. తల బట్ట మీద అతికించినట్టు కాకుండా ఆ బట్టలోంచే లేచినట్టు కనబడేది ఆ చిటికెడు రంగు వల్లే, బట్ట ముందు వేయమన్నది అందుకే.

నవ్వు పెదాల్లో ఉండదు. పెదాల చివర రెండు చిన్న నీడలు, కింది రెప్ప కొంచెం పైకి, అంతే. పై పెదవి గీత మధ్యలో తెగిపోవాలి, ఒకే గీతగా గీస్తే సినిమా పోస్టరు. కంటి మెరుపు ఎడమ పైన ఒక చుక్క, దానికి ఎదురు మూల కనుపాపలో కాస్త మసక వెలుగు. విగ్గు వేస్తుంటే వెంట్రుకలు గీయకండి, బూడిద మేఘంలా వేసి చెవి దగ్గర రెండు మెలికలు తిప్పండి.

ఉంగరంలో రాయి సాధారణంగా అమెథిస్ట్, ఊదా రాయి. దీనికో చిన్న కిటుకుంది. రాయంతా చిక్కటి ఊదా నలుపుతో నింపి, వెలుగు వచ్చే వైపు తెల్ల చుక్క ఒకటి పెట్టి, దానికి సరిగ్గా ఎదుటి వైపు, లోపల, ఎర్రటి ఊదాతో నెలవంక గీయండి. రాయిలోకి దూరిన వెలుగు అటువైపు తేలుతుంది కదా. చుక్కా నెలవంకా ఒకే వైపు పెడితే గాజు పూసలా ఉంటుంది. బంగారు సిలువకి బంగారు రంగు ట్యూబు వద్దు, ఇంట్లో ఉన్న బుడితి ఇత్తడి చెంబు ఎదురుగా పెట్టుకుని అంబర్, ఓకర్, తెలుపుతో వేయండి, దాని మీద పక్కనున్న ఊదా నీడ కూడా కనబడుతుంది, అదీ వేయండి.

వెనక తెర ఆకుపచ్చ బూడిద. ఊదా పక్కన అది ఊదాని పైకి నెడుతుంది. తెర అంచు ఎక్కడా కత్తితో కోసినట్టు ఉండొద్దు, తడిగా ఉండగానే పొడి బ్రష్‌తో తుడిచేయండి.

ఆరడం గురించి, మన తీరంలో ఇది పెద్ద పేచీ. ఆయిల్ రంగు నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలిలో ఆక్సిజన్ తాగి గట్టిపడుతుంది. వానాకాలంలో ఇంకా నిదానం. అంబర్ తొందరగా ఆరుతుంది, అలిజరిన్, నలుపు, టైటానియం ఏడిపిస్తాయి. కింది పొరల్లో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరలకి వెళ్ళేకొద్దీ నూనె ఎక్కువ, తారుమారైతే పైపొర పగుళ్ళు తీస్తుంది. హార్డ్‌వేర్ షాపులో తలుపులకి అమ్మే డబుల్ బాయిల్డ్ నూనె వాడకండి, పసుపెక్కిపోతుంది. నా దగ్గర నేర్చుకునే కుర్రాడొకడు అవిసె నూనె అయిపోయిందని వేరుశనగ నూనె కలిపాడు. అది ఆరే రకం నూనె కాదు, ఆ బొమ్మ మీద ఇప్పటికీ వేలు పెడితే అంటుకుంటోంది. ఇంకొకటి, నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు, లిన్సీడ్ ఆయిల్ ఆరేటప్పుడు వేడి పుట్టి అవి వాటంతటవే అంటుకుంటాయి. దండెం మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళ బకెట్లో ముంచండి. కిటికీలు తెరిచే పని చేయండి.

వార్నిష్ ఆర్నెల్ల తర్వాతే, ఏడాదైతే ఇంకా మంచిది. వాన పడుతున్న రోజు అసలు వేయొద్దు, నేను ఒకసారి శ్రావణంలో తొందరపడి వేస్తే పైన పాలు పోసినట్టు తెల్లటి మసక పట్టింది. జనవరి, ఫిబ్రవరిలో పొడి మధ్యాహ్నం చూసి వేయండి. గుడి వాళ్ళు పండగకి కావాలంటే వార్నిష్ లేకుండానే ఇచ్చి, తర్వాత వచ్చి వేస్తానని చెప్పండి. ఎక్కడ తగిలించాలో కూడా మీరే చెప్పండి, వాళ్ళకి వదిలేస్తే కొవ్వొత్తుల స్టాండు పైన పెడతారు, రెండేళ్ళలో మసి. బయట వాన కొట్టే గోడకి వద్దు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు నాది ఒక బొమ్మ అలాంటి గోడ మీద ఉండి వెనక నుంచి తడిసింది, కాన్వాసు సాగి, మూలల్లో రంగు పొలుసులుగా లేచింది. లోపలి గోడకి, ఫ్రేము కింది రెండు మూలల వెనక సీసా బిరడాలు చెరో ముక్క కోసి అతికించి తగిలించండి, గోడకీ కాన్వాసుకీ మధ్య వేలు దూరేంత సందు ఉంటే గాలి ఆడుతుంది, బూజు పట్టదు.